వైరు లేని ఇల్లు

వైండింగ్ మేస్త్రికి ఈ లోకంలో శత్రువు ఒక్కడే. తోడల్లుడు ఫ్యూజు.

ఫ్యూజు అసలు పేరు కాదు. కరెంటు కంపెనీలో లైన్‌మేన్. మేస్త్రి కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టుకుని బతికేవాడు. రెండు నెలల బిల్లు ఆగిందని, ముగ్గురు గిరాకీలు చూస్తుండగా, ఆ షాపులో ఫ్యూజు పీకి జేబులో వేసుకుపోయిన మహానుభావుడు తోడల్లుడు. బంధువుల్లో ఆ పేరు తిప్పింది మేస్త్రే.

ఆ కక్షతోనే మేస్త్రి ఫ్యూయల్ సెల్ కొన్నాడు. బీరువా అంత పెట్టె. ఇటు గొట్టంలో గ్యాసు పోతుంది, అటు కరెంటు వస్తుంది. స్నానానికి వేడినీళ్లు కొసరు. దానికోసం, సొంత షాపు కట్టుకుందామని దాచుకున్న స్థలం అమ్మేశాడు. స్థలం పోతే పోయింది, పరువు దక్కింది.

పెట్టె వెలిగిన రోజునే ఫ్యూజును పిలిపించి, వాకిట్లో నిలబెట్టి, వీధి వినేలా పాఠం చెప్పాడు.

"మీ కంపెనీ బొగ్గు తగలేసి, సగానికి పైగా వేడి పొగగొట్టంలో పోస్తుంది. మిగిలింది దారి పొడవునా తీగల్లో ఒలకబోస్తుంది. ఒలికినదానికీ బిల్లు మాకే! నాకా, పెరట్లో పుడుతుంది, వంటింట్లో వెలుగుతుంది. యూనిట్టు సగం ధరకి."

"పెట్టె ఖరీదు కూడా కలిపావా అన్నయ్యా?"

"కలిపా. తొమ్మిదేళ్లలో రాబడతా."

"అది తొమ్మిదేళ్లు బతుకుతుందా?"

"నువ్వు బతగ్గా లేనిది, దానికేం రోగం?"

వీధి నవ్వింది. ఫ్యూజు నవ్వలేదు. పెట్టె చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, గొంతు తగ్గించాడు.

"మా స్తంభం వైరు మాత్రం ఉండనీ అన్నయ్యా. నెలకి కనీస ఛార్జీయేగా."

కడుపుమంట, అనుకున్నాడు మేస్త్రి. పైకీ అదే అన్నాడు.

"ఏవండీ, మరిది అంతగా చెప్తున్నాడు కదా" అంది భార్య.

"నీ చెల్లెలి మొగుడేగా. నీకు ముద్దుగానే ఉంటాడు."

కటింగ్ ప్లేయరు తెచ్చి ఫ్యూజు చేతిలో పెట్టాడు. "నా షాపులో పీకిన చేత్తోనే ఇదీ కొయ్యి. మీటరు పట్టుకుపోయి మీ ఆఫీసులో దండ వేసుకోండి."

ఫ్యూజు స్తంభం ఎక్కి కోశాడు. దిగి, కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. "మళ్ళీ కావాలంటే ఏడాది పడుతుంది అన్నయ్యా."

"ఈ జన్మలో అడగను, ఫో."

తర్వాత నాలుగు నెలలూ మేస్త్రి రాజభోగం అనుభవించాడు. స్విచ్చి వేసినప్పుడల్లా ఎక్కడో ఓ పొగగొట్టం కూలినంత సంబరం. పట్టపగలు కూడా లైట్లు వేశాడు.

ఐదో నెలలో ఫిల్టరు మార్చడానికి పెట్టె అమ్మిన కంపెనీ మనిషి వచ్చాడు. పెట్టె ఆపాడు. పావుగంటలో పని ముగించి, చేతులు తుడుచుకుని, గోడలన్నీ వెతికాడు.

"మీ మీటరెక్కడండీ?"

ఆరిపోయిన పెట్టె మళ్ళీ వెలగాలంటే ముందు అరగంట సేపు వైరు కరెంటే తాగాలన్న ముక్క తెలుసుకోవడానికి, మోటార్లతోనే తల నెరిసిన మేస్త్రికి అయిన ఖర్చు రెండొందల పదహారు గజాల కార్నర్ స్థలం.