పొన్‌రాజ్ సీడీ

"ఇది ఇప్పటి కంప్యూటర్లలో పని చేయదు పెద్దమ్మా," అంటూ శివరంజని ఆ సీడీని తిరిగి ఇవ్వబోయింది.

జానకియమ్మాళ్ చెయ్యి చాచలేదు. రిపేరు అంగడి ముందున్న స్టూలు లాక్కుని కూర్చుంది. చోళపురం నుంచి ఎండలో బస్సెక్కి వచ్చిన మనిషి, అంత తేలిగ్గా లేచేలా లేదు.

"పొన్‌రాజ్ కూతురి కాళ్ళావేళ్ళా పడి తెచ్చినాను పాపా. ఒక్క తూరి దీన్ని పలికించు, చాలు."

కంప్యూటర్ జాతకాల పొన్‌రాజ్ అంటే ఒకప్పుడు రాజపాళయంలో తెలియనివాళ్ళు లేరు. పిల్లదీ పిల్లవాడిదీ పుట్టిన తేదీ, వేళ చెబితే పది పొరుత్తాల్లో, అంటే జాతక పొంతనల్లో, ఎన్ని కుదిరాయో ఆయన కంప్యూటర్ ఇట్టే చెప్పేసేది. అది సరేనంటే పిల్లను చూడ్డానికి బయల్దేరేవాళ్ళు. కాదంటే పిల్ల మొహం కాదు కదా, పేరు కూడా అడిగేవాళ్ళు కారు. ఇప్పుడు ఆయనా లేడు, ఆ కంప్యూటరూ లేదు.

"జాతకాలు ఫోన్లోనే చూస్తా ఉండారు కదా పెద్దమ్మా ఇప్పుడు," అంది శివరంజని.

"చూపించినాను. ఒకడు పొరుత్తం ఉందంటాడు, ఇంకొకడు ఇల్లె అంటాడు. నాకు ఇదే చెప్పాల. దీని మాట వినే కదా నా కొడుక్కి ఆ పిల్లను వద్దన్నాను."

"ఎవరు మీ కొడుకు?"

"మహేంద్రన్. సత్రపట్టిలో ఆస్పత్రి కట్టుగుడ్డ కంపెనీలో కంప్యూటర్ పని చూసేవాడు. ఒక పిల్లను ఇష్టపడినాడు. పేరు కూడా చెప్పనిస్తినా నేను? పుట్టిన తేదీ, వేళ మాత్రం తెలుసుకొని రా అన్నాను. పొన్‌రాజ్ కంప్యూటర్ వద్దనింది. వాడు ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ఆ తర్వాత ఏ పిల్లను చూపించినా తల ఎత్తలేదు. పోయిన మాసి నెలలో గుండె నిలిచిపోయింది. ఒంటిగానే పోయినాడు పాపా."

శివరంజని చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పెట్టింది. ఆ సీడీని తిప్పి తిప్పి చూసింది. 

"ఇప్పుడు చూసి ఏం చేస్తారు?" అంది.

"మళ్ళీ వద్దంటే, తలరాత అని ఊరుకుంటాను. నేనే వాడి బతుకు కాల్చినానేమో అని అన్నం గొంతు దిగేదిలేదు."

"సీడీ పెట్టి పోండి. సోమవారం రండి."

ఇక అంగట్లో వేరే పని సాగలేదు. ఆ సీడీకి విండోస్ 98 కావాలి. ఆ కాలపు యంత్రం ఇప్పుడెక్కడ దొరుకుతుంది? అందుకని శివరంజని తన లాప్‌టాప్‌లోనే ఒక వర్చువల్ మెషిన్ తయారు చేసింది. అంటే, కొత్త కంప్యూటర్ కడుపులో ఒక పాత కంప్యూటర్ ఉన్నట్టు నటింపజేయడం అన్నమాట. ఆ నటనను పాత విండోస్ ఒక పట్టాన నమ్మలేదు. మెమరీ ఎక్కువిస్తే మొండికేసింది. తగ్గిస్తే సగం దాకా వచ్చి నీలం తెర చూపించి బిగుసుకుపోయింది. మొత్తం తుడిచేసి మళ్ళీ మొదటి నుంచి ఎక్కించాల్సి వచ్చింది. రిపేరుకు వచ్చిన ప్రింటర్లన్నీ మూలన పడ్డాయి. ముక్కూమొహం తెలియని ముసలామె కోసం ఇంత పంతమా అని పక్క అంగడి అళగు నవ్వాడు కూడా. శివరంజని తల ఎత్తలేదు.

మొత్తానికి ఆ పాత విండోస్ లొంగింది. పాత పచ్చనీలం తెర మీద పొన్‌రాజ్ ప్రోగ్రాం తెరుచుకుంది. అబ్బాయికి ఒక గడి, అమ్మాయికి ఒక గడి.

సోమవారం జానకియమ్మాళ్ తలకు పోసుకుని, తడి జుట్టుతోనే వచ్చింది. చూపు ఆనదు కాబట్టి తెర వైపు కాకుండా శివరంజని మొహం వైపే తిరిగి కూర్చుంది. కొడుకు పుట్టిన తేదీ చెప్పింది. శుక్రవారం రాత్రి రెండు దాటినాక పుట్టినాడంది. ఆ పిల్ల తేదీ కూడా చూడకుండానే చెప్పింది. ఇన్నేళ్ళూ అది మరుపు రాలేదట.

శివరంజని అన్నీ కొట్టింది. పదికి మూడు. వద్దు అని ఎర్ర అక్షరాలు.

నోరు తెరవబోయి ఆగింది.

"శుక్రవారం రాత్రి రెండంటే, తెల్లవారితే ఏ వారం పెద్దమ్మా?"

"శనివారం. ఇంకేముంటుంది?"

మనకు పొద్దు పొడిస్తేనే రోజు మారుతుంది. కంప్యూటర్‌కు అర్ధరాత్రి దాటితే చాలు. తల్లి శుక్రవారం తేదీ చెప్పింది, పొన్‌రాజ్ అదే కొట్టి ఉంటాడు. మహేంద్రన్ పుట్టడానికి ఒక రోజు ముందటి జాతకం చూసి, అందరూ కలిసి పెళ్ళి కాదనేశారు.

శివరంజని తేదీని ఒక రోజు పెంచి శనివారానికి మార్చింది.

పదికి తొమ్మిది.

 శివరంజనికి బావురుమని ఏడవాలనిపించింది. ఏడిస్తే ముసలామె ఎందుకని అడుగుతుంది. పంటి బిగువున కూర్చుంది.

"ఏమంటా ఉండాది పాపా?"

"వద్దనే అంటా ఉండాది పెద్దమ్మా. అప్పుడు చెప్పిన మాటే. మీ తప్పు ఏమీ లేదు."

జానకియమ్మాళ్ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి తేలికపడింది. నీళ్ళడిగి తాగింది. లేచి, శివరంజని తల మీద చెయ్యి పెట్టింది.

"నీ బిడ్డలు చల్లగా ఉండాల."

శివరంజని ఆమె మోచెయ్యి పట్టుకుని వాకిలి దాకా వచ్చింది.

"మెట్లున్నాయి. మెల్లగా పోండి అత్తా."

ముసలామె ఎక్కిన బస్సు మలుపు తిరిగేదాకా నిలబడి చూసి, లోపలికి వచ్చి, అమ్మాయి గడిలో ఉన్న తన పుట్టిన తేదీని శివరంజని ఒక్కో అంకే చెరిపేసింది.