పరాయి సగం

సాయిసుధ బ్యాగులో బట్టలు కుక్కుతోంది. సూర్యకుమారి పక్కనే నిలబడి, కుక్కినవి బయటికి తీసి మళ్లీ మడత పెడుతోంది. మడత చక్కగా ఉండాలని కాదు, గుడివాడ బస్సు తప్పిపోవాలని.

“మీకెందుకమ్మా శ్రమ? నేను సర్దుకుంటాగా.”

“ఉండవే. ఎలుకలతో పని అయిపోగానే అమ్మతో కూడా అయిపోయిందా?”

బందరు కాలేజీ ల్యాబులో సుధ ఎలుకల మీద ప్రాజెక్టు చేసింది. అది పూర్తయ్యేదాకా తల్లి దగ్గరే ఉంది. ఇక్కడే ఉద్యోగం చూసుకుని ఉండిపొమ్మని సూర్యకుమారి పొద్దుటి నుంచీ బతిమాలుతోంది.

ఫోను మోగింది.

“ఆ, బయల్దేరుతున్నా పిన్నీ. నువ్వు మాత్ర వేసుకున్నావా? నాకోసం కూర్చోకు, తినెయ్యి.”

సూర్యకుమారికి ఒళ్లు మండింది. తండ్రి చేసుకున్న రెండో భార్య సువర్ణని ‘నువ్వు’ అంటుంది. కన్నతల్లిని ‘మీరు’ అంటుంది!

బ్యాగు అడుగున హల్వా పొట్లం కనిపించింది. ఎవరికో అడగక్కర్లేదు. సుధ అటు తిరగ్గానే దాన్ని తీసి దిండు కింద దాచేసింది. ఆ చోట్లో రొయ్యల పచ్చడి సీసా పెట్టింది.

“అయ్యో, నాకు రొయ్యలు పడవమ్మా. ఒళ్లంతా దద్దుర్లొస్తాయి.”

“ఎప్పట్నుంచే?”

“చిన్నప్పట్నుంచీ.”

సూర్యకుమారి సీసా తీసి పక్కన పెట్టింది. కోపం సువర్ణ మీదికి మళ్లింది.

“మీ నాన్నే పోయాక ఇంకా ఆవిడతో నీకేం పనే? రక్తమా, సంబంధమా? పరాయి కణాలొస్తే ఒళ్లు ఊరుకోదని నువ్వే చెప్పావుగా!”

సుధ నవ్వింది. “మీరు మొత్తం వినలేదు. తల్లి ఎలుక కణాలు తీసి పిల్ల పాదంలోకి ఎక్కిస్తాం. వారానికి మోకాలి వెనక వాచి బిళ్ల కడుతుంది.”

“అదేంటి? పిల్ల ఒళ్లు తల్లిని పరాయిదనుకుంటుందా?”

“లేదమ్మా. పిల్ల ఊరికే ఉంటుంది. తనలో సగం అమ్మే కదా. తల్లి కణాలే పిల్ల మీద తిరగబడతాయి. పిల్లలో తండ్రి సగం ఉంటుంది చూడండీ, అది వాటికి గిట్టదు.”

సూర్యకుమారి కూతురి మొహంలోకి చూసింది. ఆ గడ్డం తండ్రి ఫణికుమార్‌ది. నవ్వితే పడే సొట్టా అతనిదే. చూపు తిప్పుకుంది.

“ఒక్క వారం ఉండవే. ఆవిడకేం, నువ్వు లేకపోయినా ఉండగలదు.”

“ఉండలేదమ్మా. వస్తానన్న రోజు చీకటిపడే లోపు నేను రాకపోతే వీధిలోకొచ్చి నిలబడుతుంది.”

“నిన్నిక్కడే ఉంచేసుకుంటానని అనుమానమా?”

“మీరని కాదు. చిన్నప్పుడు ఎవరు బయటికెళ్లినా నేను గుమ్మం పట్టుకుని ఏడ్చేదాన్నట. ఆ భయం పిన్నికి అంటుకుంది.”

ఆటో వచ్చింది. సుధ వంగి దణ్ణం పెట్టి, “వెళ్లొస్తానమ్మా” అని ఎక్కేసింది.

‘నా పిల్లని నాకు కాకుండా చేసింది’ అనుకుంది సూర్యకుమారి, మలుపు తిరిగిన ఆటోని చూస్తూ.

సుధకి మూడో ఏడు నడుస్తుండగా, దివిసీమలో పుట్టింటికి వెళ్లి రేపొచ్చేస్తానని ఆ గుడివాడ ఇంట్లోంచి బయల్దేరిన సూర్యకుమారి ఇక తిరిగి రాలేదు.