ఆఖరి టేబుల్

"అమ్మా, జర జరుగుతరా?"

రేణుక వెనక నుంచి రెండుసార్లు అడిగింది. కిటికీ పక్కన కూర్చున్న పెద్దావిడ కదలలేదు. తల కూడా తిప్పలేదు.

బోరబండలో ఆఫీసు వ్యాన్ ఎక్కిన మొదటి ఉదయమే ఈ అవమానం. రేణుక వెనక సీటుకు పోయి, తనతోపాటే చేరిన శ్రీలత పక్కన కూర్చుంది.

"ఎవరే ఆ మహారాణి?"

శ్రీలతకూ తెలియదు. వ్యాన్‌లో ఉన్నవాళ్లంతా నిన్నగాక మొన్న చేరినవాళ్లే. ఆ పెద్దావిడ ఒక్కతే పాత మనిషి, ఎవరితోనూ కలవదు. ఆ రోజు నుంచి వెనక సీట్లలో ఆమె పేరు మహారాణి అయింది.

మాదాపూర్ బండరాళ్ల మధ్య కొత్తగా లేచిన అద్దాల భవనంలో వాళ్ల పని. అమెరికా డాక్టర్లు రోగుల గురించి చెప్పి పంపిన మాటలను హెడ్‌ఫోన్‌లో విని టైపు చేయాలి.

వేగం రేణుకకు కష్టం కాలేదు. కష్టమల్లా చెవికి ఒక్కటిగా తోచే మాటలతోనే. హీల్ అంటే మడమ. అక్షరాలు మారితే గాయం మానడం. సైట్ అంటే చూపు. మరో సైట్ అంటే చోటు. ఇలియం అంటాడు డాక్టరు. అది పేగులో భాగమో, తుంటి ఎముకో ఆయన గొంతు చెప్పదు.

టైపు చేసిన కాగితాలు ఆఖరి టేబుల్‌కు వెళ్లేవి. అక్కడ దిద్దేది ఎవరో కొత్తవాళ్లకు చెప్పకూడదని ఆఫీసు నియమం. తెలిస్తే వెళ్లి బతిమాలుకుంటారని భయం. తప్పు మాట చుట్టూ పెన్సిల్‌తో సున్నా, పక్కన తెలుగులో ఒక ప్రశ్న. తిరిగి వచ్చేది అంతే.

'మెట్ల మీంచి పడ్డ మనిషికి పేగు విరుగుతుందా?'

శ్రీలత చదివి పడీ పడీ నవ్వింది. రేణుకకు నవ్వు రాలేదు.

మూడు నెలల చివర పరీక్ష ఉంది. పది కాగితాల్లో రెండు సున్నాలు దాటితే ఉద్యోగం లేదు. భవనానికి ఎదురుగా లేస్తున్న మరో కట్టడంలో ఆమె తల్లి యాదమ్మ ఇసుక తట్టలు మోసేది. కూతురు అద్దాల తలుపు తోసుకుని లోపలికి పోయే వేళకు తట్ట దించి నిలబడి చూసేది.

ఆ చూపు ముందు నుంచి వెనక్కి నడవడం రేణుక వల్ల అయ్యే పని కాదు.

పరీక్షకు ఇంకా పది రోజులుందనగా ఒక ఉదయం వ్యాన్‌లో మహారాణి పక్క సీటు ఒక్కటే మిగిలింది. రేణుక కూర్చుంది. ఒళ్లో నిన్నటి కాగితం, దాని మీద అయిదు సున్నాలు. కళ్లు మూసుకుని ఇలియం, ఇలియం అని గొణుక్కుంటోంది.

పెద్దావిడ కాసేపు ఆమె పెదవుల వైపే చూసింది. తరువాత కాగితం మీద వేలు పెట్టింది.

"వినకు. చదువు."

ఆ గొంతులో ఎగుడుదిగుడు లేదు. అవసరానికి మించి గట్టిగా ఉంది. వ్యాన్ అంతా ఇటు తిరిగింది.

"మీకేం ఎరుక మా పరేషాన్?" అన్నది రేణుక, ఆమె మొహం మీదే.

ఆవిడకు కోపం రాలేదు. చిన్నగా నవ్వి కిటికీ వైపు తిరిగింది.

దిగేటప్పుడు ఆమె వెనకే నడుస్తూ రేణుక శ్రీలతతో అన్నది, అందరికీ వినపడేలాగే: "రాజ్యం పోయింది గని రుబాబు పోలె."

మాటకు మాట అన్నది గానీ, పెద్దావిడ చెప్పిన ఆ రెండు ముక్కలూ ఆమెను వదలలేదు. మధ్యాహ్నం టైపు ముగించి హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టింది. కాగితంలో ఒక మనిషి పడుకుని ఉన్నట్టు, తాను మంచం పక్కన నిలబడినట్టు చదివింది. ఎవరితను? ఎలా పడ్డాడు? నొప్పి ఎక్కడ?

ఇంతకాలం శబ్దాన్నే పట్టుకుని మనిషిని చూడలేదని తోచింది. ఒక మాట ఏదో తెలియాలంటే దాన్ని ఎంత విన్నా చాలదు. దాని చుట్టూ ఉన్నవాటిని అడగాలి.

పరీక్ష కాగితాలు పదీ తిరిగి వచ్చాయి. ఒక్క సున్నా లేదు. చివరి దాని అడుగున పెన్సిల్‌తో రాసి ఉంది.

'ఈ పదిమందీ నాకు కనిపించారు.'

రేణుక ఆ కాగితం పట్టుకుని సూపర్‌వైజర్ చలపతిరావు దగ్గరికి పోయింది. ఉద్యోగం ఖాయమైంది కనుక ఇప్పుడన్నా ఆ మనిషి ఎవరో చెప్పమని, ఒకసారి దండం పెట్టి వస్తానని అడిగింది.

"కలవలేరమ్మా. వాళ్లాయనకు కర్నూలు బదిలీ అయింది, నిన్నటితో మానేశారు. ఆవిడ ఆఖరున చూసినవి మీ కాగితాలే."

ఆయన ఆమెను హాలు చివరకు తీసుకుపోయాడు. చెక్క అడ్డు వెనక ఒక టేబుల్, దాని మీద స్టీలు గ్లాసులో చెక్కిన పెన్సిళ్లు.

"రోజూ మీ వ్యాన్‌లోనే వచ్చేవారు కదమ్మా, సుబ్బలక్ష్మి గారు. కిటికీ పక్కన కూర్చునేవారు."

రేణుకకు తాను మూడు నెలలుగా ఆ మనిషి వీపు వెనక అన్న మాటలన్నీ ఒక్కొక్కటే తిరిగి వచ్చాయి.

"సార్, ఆమె ఎనక కూసొని నేను మస్తు మాటలన్న. అన్నీ ఇన్నదేమో."

చలపతిరావు ఆ టేబుల్‌ను చూపించాడు. హాల్లో ప్రతి టేబుల్ మీదా ఉండే హెడ్‌ఫోన్ దాని మీద లేదు.

"ఒక్కటీ వినలేదమ్మా," అన్నాడు నెమ్మదిగా. "ఆరో ఏట జ్వరమొచ్చి ఆవిడకు రెండు చెవులూ పోయాయి, అందుకే ఏ రెండు మాటలూ ఆవిడకు ఎప్పుడూ ఒక్కలా వినపడలేదు."