చూశాను

మూడో పెట్టె కూడా నేల మీద బోర్లించారు. మీటింగు నోటీసులు, పాత క్యాలెండర్లు, తలుపు బందుల కేటలాగులు, తాడుతో కట్టిన ఉత్తరాల కట్ట ఒకటి. చనిపోయిన మనిషి చేతిరాత మాత్రం ఎక్కడా లేదు.

“ఒక్క వాక్యం చాలమ్మాయ్,” అన్నాడు గ్రంథాలయం కార్యదర్శి. ఆయన ఆ వీధిలో ఇరవై ఆరేళ్లు ఉత్తరాలు పంచి రిటైరైన పోస్ట్‌మాన్. “గ్రంథాలయంలో పెట్టే రాయి మీద పేరుదేముంది, ఎవరైనా చెక్కుతారు. దాని కింద ఆయన రాసిన మాట, ఆయన రాసినట్టే ఉండాలని కమిటీ తీర్మానం. నాలుగింటికి రాతిపనివాడు వస్తాడు.”

గోడ గడియారంలో మూడు దాటింది.

“నలభై రెండేళ్లు ఇనుప సామాను కొట్టు నడిపాడు. పదిహేనేళ్లు కౌన్సిలర్‌గా చేశాడు,” అంది కూతురు. ఆమె హైస్కూల్లో టీచర్. “ఇంట్లో ఒక చీటీ ముక్క లేదు బాబాయ్.”

“కొట్లో మాత్రం ఉందా? రెండొందల పదహారు సొరుగులు. ఏ సొరుగులో ఏ సరుకుందో, ఆ సరుకే దాని ముందు తీగతో కట్టేవాడు. చీటీ అబద్ధమాడుతుంది, బోల్టు ఆడదు అనేవాడు.”

తల్లి కిటికీ దగ్గర కూర్చుని పేపరు చదువుతోంది. పైకే చదువుతోంది.

“ఎవరు వింటున్నారనమ్మా?” అంది కూతురు.

“అలవాటు. మీ నాన్న గడ్డం గీసుకుంటూ వినేవాడు, రెండు పనులు ఒకేసారి అవుతాయని. ఇప్పుడు మనసులో చదివితే నాకే ఎక్కడం లేదు.”

కార్యదర్శి నవ్వాడు. “అర్జీలు కూడా అంతేగా వదినా. ఎవరైనా కాగితం చాపితే, ‘నువ్వు చెప్పు, నేను చెప్పులేసుకుంటా’ అనేవాడు. వాళ్లు చెప్పడం అయ్యేలోపు సందు మొదట్లో ఉండేవాడు. తూము పూడిపోయిందని అర్జీ వచ్చినరోజు మోకాలి లోతు నీళ్లలో దిగాడు. నేనూ దిగాను, ఉత్తరాల సంచి నెత్తిన పెట్టుకుని. వారం తిరక్కుండా తూము కొత్తదైంది.”

“ఊరందరికీ తీరిక ఉండేది ఆయనకు,” అంది కూతురు.

“నీకు లేదనా?”

“ఆరేళ్లు హాస్టల్లో ఉన్నాను బాబాయ్. ఉత్తరాలు పంచే రోజు అందరికీ వాళ్ల నాన్నల ఉత్తరాలు. నాకు ఎప్పుడూ అమ్మ రాతే.”

“ఉత్తరానికి బదులు మనిషే వచ్చేవాడు కదే,” అంది తల్లి.

“వచ్చేవాడు. రెండు బస్సులు మారి, జేబులో స్క్రూడ్రైవర్ పెట్టుకుని. నా మంచం బోల్టులు బిగించి వెళ్లేవాడు. ఆ హాస్టల్లో కిర్రుమనని మంచం నాదొక్కటే. కాదనను. అయినా ఒక్క ముక్క రాసుంటే దాచుకునేదాన్ని.” పాత క్యాలెండర్లు పక్కకు నెట్టింది. “నేను వెతుకుతున్నది రాతిపనివాడి కోసం కాదు.”

కార్యదర్శి పెట్టె అడుగున అతుక్కుపోయిన అట్టముక్క పీకాడు. దాని కింద అర్జీల నకళ్లు, ముప్పై దాకా. మొదటిది, సందులో దీపం లేదని. కింద నీలం సిరాతో ఒక మాట. పక్కన గుండ్రటి ముద్ర.

“చూశాను.”

రెండోది తీశాడు. చూశాను. మూడోదీ అంతే.

“ఇదీ వాక్యమంటే,” అన్నాడు. “ఆ కుర్చీలో కూర్చున్న ప్రతివాడూ ‘చూస్తాం’ అని రాశాడమ్మాయ్. చూస్తాం అంటే చూడరని ఊరందరికీ తెలుసు. ఈయన ముందు వెళ్లి చూసొచ్చేవాడు, తర్వాతే కలం తీసేవాడు.”

“మరి సంతకం?”

“ముద్రే. సంతకం ఎవడైనా దించేస్తాడు, ముద్ర నా జేబులో ఉంటుంది అనేవాడు.”

కూతురు కాగితాలు పక్కపక్కన పరిచింది. టీచరు కన్ను. అన్నిటిమీదా అక్షరాలు ఒకటే కొలత, ఒకటే వంపు. సిరా కాగితం వెనక్కి దిగేంత ఒత్తి రాశాడు.

“దీపం అర్జీ తీసుకెళ్తున్నా,” అని కార్యదర్శి లేచాడు. “వదినా, రాయి మీద ఒకటే మాట. చెక్కేవాడికీ సుఖం.”

ఆయన మెట్లు దిగి గేటు వేసేదాకా తల్లి ఆగింది. తర్వాత పేపరు మడిచి, నేల మీది ఉత్తరాల కట్ట చూపించింది.

“అది విప్పలేదేం?”

“అవి నేను రాసినవే కదమ్మా.”

“తిప్పి చూడు.”

కూతురు తాడు విప్పింది. హాస్టల్ నుంచి తను రాసిన మొదటి ఉత్తరం వెనక్కి తిప్పింది. నీలం సిరా. చూశాను. రెండోది తిప్పింది. చివరిదాకా తిప్పింది. డెబ్బై ఎనిమిది ఉత్తరాలు, డెబ్బై ఎనిమిది సార్లు అదే మాట. ముద్ర మాత్రం లేదు.

ఉత్తరాలు మళ్లీ కట్టగా పేర్చింది. మాటలో నిష్ఠూరం దాగలేదు.

“కూతురి ఉత్తరం కూడా తూము అర్జీయేనా అమ్మా? కనీసం ‘చదివాను’ అని కూడా రాయలేదు. చూశానట.”

తల్లి కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది.

“మీ నాన్నకు రాయడం వచ్చిన మాట అదొక్కటే.”