ఊచ లేని కిటికీ

"బిడ్డ నిలిచినాడా, తల్లీ?"

వెనకనుంచి వినిపించిన ఆ మాటకు పెంచలమ్మ వీధిలోనే ఆగిపోయింది.

తిరిగి చూసింది. నడుం వంగిన సాయిబుల ముసలమ్మ. చంకలో గుడ్డ మూట.

పెంచలమ్మ పైటకొంగు బిడ్డ ముఖం మీదికి లాక్కుంది.

ఐదు నెలల పిల్లవాడు. వాడికి ముందు పుట్టిన ఇద్దరూ ఆరో నెల చూడకుండానే పోయారు. నిలిచినాడా అని ఎవరైనా అడిగితే, నిలవడేమో అన్నట్టే ఆమెకు వినిపిస్తుంది.

అడుగుల వేగం పెంచింది.

వాకాడునుంచి నెల్లూరుకు నిన్ననే వచ్చింది. పుట్టింది ఈ ఊళ్ళోనే, మూలాపేటలో. ఊహ తెలియకముందే నాన్న ఇల్లమ్మేసి వాకాడు చేరాడు. పదేళ్ళప్పుడు అమ్మ పోయింది. ఇక్కడ మిగిలింది పిన్ని వెంకటశేషమ్మ ఒక్కతే.

పొద్దున, "నేను పుట్టిన ఇల్లు చూసొస్తా పిన్నీ" అంటే పిన్ని నవ్వింది.

"ఇల్లు యాడుంది? బియ్యం కొట్టు చేసినారు. బస్తాలకు దండం పెట్టుకోని రా."

అంతలోనే నవ్వు ఆపేసింది. "పది గంటలకల్లా బిడ్డతో ఇంట్లో ఉండాల."

"ఎందుకు?"

"ఉండమంటే ఉండు. అన్నీ ముందే చెప్తారా?"

ఆ మాట కూడా అప్పటినుంచి పెంచలమ్మను లోపల నలుపుతూనే ఉంది.

మూలాపేటలో ఆ ఇంటి వీధి తలుపు తీసే ఉంది. కాపలా ఉండే మాలకొండయ్య గడపలో కూర్చొని బీడీ కాలుస్తున్నాడు.

"బియ్యం ఇక్కడ అమ్మరమ్మా."

"బియ్యం వద్దన్నా. నేను ఈ ఇంట్లోనే పుట్టినాను. ఒకసారి చూసి పోతా."

"చూడు, చూడు. దూలాలు చూసేదానికి వచ్చింది నువ్వొక్కదానివే."

గుమ్మం మీద చెక్కిన చిలకలు. ఒకదానికి ముక్కు విరిగిపోయింది. లోపల మండువా. వాన పడాల్సిన చోట పైన రేకులు కప్పి, కింద బస్తాలు పేర్చారు. నాలుగు టేకు స్తంభాలు మాత్రం చెక్కు చెదరలేదు.

సున్నపు గోడ మీద చెయ్యి వేసింది. చల్లగా, గుడ్డు పెంకులాగా నున్నగా ఉంది.

ఇన్నాళ్ళకు వచ్చాననుకుంది. వెంటనే, మళ్ళీ చూస్తానో లేదో అనుకుంది.

పడమటి మూల గది పురిటి గది అని అమ్మ చెప్పేది. బస్తాల మధ్యనుంచి అక్కడికి వెళ్ళింది. కిటికీకి నిలువు ఊచలు. నడిమి ఊచ లేదు.

"దొంగలు పడినారా అన్నా?"

"నేనొచ్చిన కాడ్నుంచీ అట్టనే ఉంది. ఎవరో కావాలనే కోసినారు. పిల్లి దూరేదానికేమో!" మాలకొండయ్య తన మాటకు తానే నవ్వుకున్నాడు.

అప్పుడు ఆ సందులోంచి రెండు చేతులు లోపలికి వచ్చాయి.

ముడతలు పడిన చేతులు. వాటి వెనక ఆ ముసలమ్మ ముఖం.

"ఒక్కసారి బిడ్డను ఇట్టివ్వు, తల్లీ."

పెంచలమ్మ కెవ్వుమంది. బిడ్డ ఉలిక్కిపడి ఏడుపు అందుకున్నాడు.

"ఎవరు నువ్వు? నా బిడ్డ వెంట ఎందుకు పడినావు?"

ముసలమ్మ ఏదో చెప్పబోయి నాలిక కరుచుకుంది.

"చెప్పవేం?"

"దోవన పోయే మనిషినమ్మా. ఒక్క నిమిషం. మళ్ళీ నీ చేతికే ఇస్తా. నాకు రైలుకు టైమైపోతా ఉంది."

మూట కిటికీ గట్టు మీద ఉంది. పెంచలమ్మ దాన్ని బయటికి తోసేసింది. ముడి ఊడి, అందులోది నేలపాలైంది.

తవుడు.

"మంత్రించిన తవుడు! అన్నా, తరుము!"

"బియ్యం కొట్టుకు తవుడు మోసుకొస్తివే, అవ్వా! పో, పో!" అంటూ మాలకొండయ్య కర్ర అందుకున్నాడు.

చేతులు మెల్లగా వెనక్కి పోయాయి.

"భయపడబాక తల్లీ. బిడ్డకు ఆయుస్సుండాల."

ముసలమ్మ వంగి తవుడు ఎత్తబోయింది. మళ్ళీ వదిలేసి, రైలుస్టేషన్ దోవ పట్టింది.

పెంచలమ్మ ఇంటికి వచ్చేసరికి పిన్ని వీధి అరుగు మీదే నిలబడి ఉంది.

"పది దాటింది గదమ్మే! ఆమె కూడా ఇంకా రాలా."

ఎవరని అడగకుండానే పెంచలమ్మ ఏడుస్తూ జరిగిందంతా చెప్పింది. పిన్ని ఆమె భుజం పట్టి కుదిపింది.

"మూటలో ఏముంది?"

"తవుడు."

పిన్ని అరుగు మీద కూలబడింది.

"లాల్‌బీ! నేనే కబురు చేసినాను. మద్రాసుకు, కొడుకు దగ్గరికి పోతా ఉంది. ఇంక ఈ ఊరికి రాదు. పోయేలోపల నీ బిడ్డను కొని పొమ్మన్నా."

"కొనేదేంది పిన్నీ?"

"ముందుబిడ్డలు దక్కకపోతే, తర్వాతి బిడ్డను తవుడుకు అమ్మేస్తారు. కొన్నామె 'ఇది నా బిడ్డ, నువ్వు పెంచు' అని మళ్ళీ తల్లికే ఇస్తుంది. కొనేది ఎవరో తల్లికి ముందు తెలియకూడదు. దోవన పోయే మనిషికి ఇచ్చినట్టే ఉండాల. అందుకే నేను చెప్పలా. అందుకే ఆమె కూడా చెప్పలా. దోవలోనే నిన్ను పోల్చుకోని, రైలుకు టైం లేక నీ వెంటే వచ్చినట్టుంది."

దూరంగా రైలు కూత వేసింది.

పెంచలమ్మ బిడ్డను ఎత్తుకొని వీధిలోకి పరుగెత్తింది. మలుపులో ఒక జట్కా ఎదురొస్తోంది, ఖాళీగా. ఎక్కబోయి ఆగింది. రెండో కూత అప్పటికే ఊరు దాటినంత సన్నగా వినిపించింది.

వెనక్కి వచ్చి పిన్ని ముందు నిలబడింది.

"ఆ కిటికీ సంగతి ఆమెకెట్టా తెలుసు పిన్నీ?"

పిన్ని బిడ్డ తల నిమిరింది.

"ఆ ఊచ కోయించింది మీ నాయనే, ముగ్గురు పోయినాక పుట్టిన నిన్ను ఆ సందులోంచే అందుకొని, చేటెడు తవుడు పోసి కొనుక్కున్న అమ్మ లాల్‌బీనే."