శాంతయ్య కంటి కట్టు

రండి, దగ్గరికి రండి. ఆ మూల గుసగుసలు ఆపండి. వక్క నములుతున్న పెద్దాయనా, దవడలకు కాసేపు సెలవివ్వు. ఒక కంటి సంగతి చెబుతాను. చెవులు తెరిస్తే చాలు, కళ్ళు మూసుకున్నా పరవాలేదు.

తిరుపతిలో ఒక కంటి ఆస్పత్రి. దాని వరండాలో ఒక స్తంభం. ఆ స్తంభాన్ని కావలించుకుని సిద్ధమ్మ. ఆపరేషనుకు తీసుకుపోదామని మొగుడు శాంతయ్య, నర్సు పంకజాక్షి, ఇద్దరు వార్డుబాయిలు కలిసి లాగితే, స్తంభం కదిలిందిగానీ సిద్ధమ్మ కదల్లేదు. పైకప్పు సున్నం రాలి అందరి నెత్తినా పడింది.

"నేను రాను! నా కన్ను పెరికి మేక కన్ను పెడతారంట!"

"ఎవరమ్మే నీకు చెప్పింది?"

"గురప్పన్న!"

పూతలపట్టు గురప్ప పక్క బెంచీ మీదే ఉన్నాడు. అతని కంట్లోనూ పొర ఉంది, అతనికీ కత్తంటే భయమే. మూడు రోజులుగా "రేపు చేయించుకుంటా" అంటూ ఆ బెంచీని అరగదీస్తున్నాడు.

"మేకదే అనలేదబ్బా నేను. మేకదో, మనిషిదో అన్నాను."

"ఇన్నావా?" సిద్ధమ్మ మొగుడి వైపు తిరిగింది. "ఇంగొకరి కన్నుతో నిన్ను నేను సూడాల్నా? అది నీ మొగం గుర్తుపట్టకపోతే?"

శాంతయ్యకు నవ్వు రాలేదు. మొన్న పొద్దున ఆమె చెంబనుకుని పిల్లిని ఎత్తింది. సాయంత్రం గడపలో నిలబడ్డ అతన్నే "ఎవరప్పా నువ్వు?" అని అడిగింది. పిల్లి సంగతికి ఇద్దరూ పడిపడి నవ్వుకున్నారు. రెండోదానికి ఎవరూ నవ్వలేదు.

ఆపరేషను చేసే డాక్టరమ్మ రేపు రైలెక్కి మద్రాసు వెళ్ళిపోతుంది. మళ్ళీ వచ్చేది ఆరు నెలలకే. అప్పటికి కన్నే చెడిపోవచ్చని చెప్పేసింది కూడా.

గోల విని ఆమే బయటికి వచ్చింది.

"అవ్వా, తాటిముంజ తిన్నావా ఎప్పుడైనా?"

"తినకేమి."

"లేతది ఎట్లా ఉంటుంది?"

"నీళ్ళ మాదిరి. యెనకాల వేలు పెడితే కనపడతాది."

"ముదిరితే?"

"తెల్లగా, రాయి మాదిరి."

"నీ కంట్లో కూడా అట్లాంటి ముంజ ఒకటుంది. అది ముదిరి తెల్లబడింది. కన్ను తియ్యం. ఆ ముంజ తీసి, దాని చోట కందిబద్దంత అద్దంలాంటి బిళ్ళ పెడతాం. అంతే. కన్ను నీదే."

స్తంభం మీద సిద్ధమ్మ పట్టు ఒక్క వేలు సడలింది. "నొప్పి?"

"తెలీదు. మందు వేస్తాం."

"కోసేవాళ్ళకు యాడ తెలస్తాది తల్లీ! కోయించుకున్నోళ్ళను అడగాల." వేలు మళ్ళీ బిగుసుకుంది.

శాంతయ్య గొంతు సవరించుకున్నాడు. "నాకూ ఎడం కంట్లో మబ్బుగానే ఉండాదిమ్మే. నేను ముందు పోయొస్తా. బాగుంటే నువ్వు పోదువు."

మబ్బా, పాడా! శాంతయ్య అలిపిరిలో నిలబడితే, కొండ మీద కోతి పేలు ఏరుతోందో కునుకు తీస్తోందో చెప్పగలడు. లోపలికి పోయి పంకజాక్షికి దండం పెట్టాడు.

"తల్లీ, నాకొక కట్టు కట్టు. ఊరికే."

"నీ కంటికేమైంది?"

"నా కంటికేం కాలేదు. నా ఇంటిదానికి బయం పోవాల."

పంకజాక్షి డాక్టరమ్మ వైపు చూసింది. డాక్టరమ్మ కిటికీ వైపు తిరిగి, ఏమీ విననట్టు నిలబడింది.

అరగంటకు శాంతయ్య ఎడమ కంటికి కట్టుతో, గోడ తడుముకుంటూ వచ్చాడు. రెండో కన్ను బాగానే ఉందన్న సంగతి మరిచిపోయి, దారిలో బకెట్టును కూడా తడిమాడు.

సిద్ధమ్మ స్తంభాన్ని వదిలేసింది. అతని ముఖమంతా తడిమి, కట్టు మీద అరచెయ్యి ఆనించింది.

"నొప్పి లేదా?"

"చీమ కుట్టినంత కూడా లేదు."

"ఒట్టు?"

శాంతయ్య ఒక్క క్షణం కొండ వైపు చూసి, గబుక్కున తల తిప్పుకున్నాడు. "గురప్ప మీదొట్టు."

"నా మీదెందుకబ్బా!" అని గురప్ప ఎగిరిపడ్డాడు.

సిద్ధమ్మ చెయ్యి ఇంకాసేపు అక్కడే ఉంది. తర్వాత, "పద తల్లీ," అంది పంకజాక్షితో.

మర్నాడు పొద్దున సిద్ధమ్మ కంటి కట్టు విప్పారు. శాంతయ్య మంచం పక్కన నిలబడ్డాడు. గురప్ప తలుపు సందులోంచి తొంగిచూశాడు.

సిద్ధమ్మ రెప్పలాడించింది. కిటికీ చూసింది. డాక్టరమ్మ బొట్టు చూసింది. తర్వాత శాంతయ్యను పైనుంచి కిందిదాకా చూసింది.

"ముసిలోడివైపోయినావు గదయ్యా!"

"గుర్తుపట్టినావా?"

"నా కన్నే గదా, పట్టకేమి?" అని, ఆమె అతని ముఖంలోకి ఇంకా పరీక్షగా చూసింది. "అది సరే, నిన్న ఎడం కంటికుండే కట్టు ఈపొద్దు కుడి కంటికి ఎట్ల పోయింది?"

శాంతయ్య చెయ్యి కట్టు మీదికి పోయింది. పొద్దున ముఖం కడుక్కుని తానే కట్టుకున్నాడు. "అదీ..."

"తీసెయ్యి. నీ నాటకం నిన్ననే తెలుసు నాకు."

"నిన్ననేనా?"

"అబద్ధమాడితే నీ ఎడం రెప్ప గిలగిలా కొట్టుకుంటాది. పెండ్లయినకాడి నుంచి సూస్తానే ఉండా. నిన్న కట్టు కింద నా అరచేతికి తగల్లేదా?"

"తెలిసీ ఎట్ల పోయినావమ్మే?"

"నా కోసరం, బాగుండే కన్నుకు గంతలు కట్టుకున్నోడు బయట ఉండాడు. ఇంగ లోపల నాకేం బయం?"

"ఏడవకూడదవ్వా, కన్ను తడవకూడదు," అంటూ పంకజాక్షే ముక్కు చీదుకుంది. డాక్టరమ్మ నవ్వుతూ శాంతయ్య కట్టు విప్పింది. రెండు కళ్ళూ కొత్త గాజుల్లా తళతళలాడాయి.

మాటలేవీ చెవికెక్కని గురప్ప అదొక్కటే చూసి, తలుపు తోసుకుని లోపలికి దూకాడు.

"నిన్న ఎడందీ, ఈపొద్దు కుడిదీ! ఒగ గుడ్డతో రెండు కండ్లూ బాగైపోయినాయి! తల్లీ, నాకు కత్తీ వద్దు, బిళ్ళా వద్దు. ఆ గుడ్డనే, ఉతక్కుండా, అట్లే నాకు కట్టండి!"