జక్రయ్య గుండెత్తిన ఫోటో

“ఆ రాతిగుండు ఎత్తినప్పుడే ఒక ఫోటో తీయించుకోవాల్సింది బావగారూ,” అన్నాడు క్రీస్తుదాసు మీసాల్లో నవ్వుతూ.

పెళ్ళి పందిట్లో అందరూ నవ్వారు. పిల్ల తండ్రి జక్రయ్య కూడా నవ్వాడు. కానీ ఆ మాట ముల్లులా దిగబడి ఏడాదైనా బయటికి రాలేదు.

జక్రయ్యది అద్దంకి దగ్గర పల్లె. మిషన్ బడిలో గంట కొట్టి కొట్టి రిటైరయ్యాడు. వయసులో ఉండగా మిరప కల్లం పక్కనున్న రాతిగుండుని తలపైకి ఎత్తాడు. నిజంగానే ఎత్తాడు. కాకపోతే చూసినవాళ్ళలో ఒకడు కాలం చేశాడు. ఇంకొకడు వాడరేవు వెళ్ళి మళ్ళీ కనబడలేదు. మిగిలింది భార్య అంకమ్మ.

“నేనప్పుడు తాలుకాయలు ఏరుకుంటన్నా. అటు చూళ్ళేదు,” అంటుంది. ఎప్పుడడిగినా అదే మాట.

వియ్యంకుడు క్రీస్తుదాసు కొత్తపట్నంలో ఉపదేశి. మనిషీ భారీ, గొంతూ భారీ. తుపాను రోజున పడవని ఒక్కడే ఒడ్డుకి లాగానని ప్రసంగంలో కూడా చెబుతాడు. దానికీ ఫోటో లేదు. ఉపదేశిని అడిగేదెవరు?

ఇప్పుడు కూతురు జయకుమారికి కొడుకు పుట్టాడు. బాప్తిస్మం ఇక్కడే. వియ్యంకుడు వచ్చేలోగా ఆ ఫోటో గోడకెక్కాలి.

జక్రయ్య అద్దంకి వెళ్ళి ఫోటోగ్రాఫర్ మీరావలిని పట్టుకున్నాడు.

“ఈ వయసులోనా బాబాయ్?”

“తీస్తావా, తియ్యవా? అది చెప్పు.”

మీరావలి గడ్డం గోక్కున్నాడు. జక్రయ్యని పైనుంచి కిందిదాకా చూశాడు. ఉన్నట్టుండి మొహం వెలిగింది.

“తీస్తా. మొన్ననే మద్రాసు నుంచి కొత్త తల తెచ్చా.”

“తలేంట్రా?”

“నాది కాదులే, కెమెరా స్టాండుది.”

చూపించాడు. ఇనప ముద్ద, దానికి రెండు పిడులు, లోపల పళ్ళ చక్రాలు. పాత స్టాండుకి మర వదులు చేస్తే చాలు, బరువుకి కెమెరా ముక్కు వేలాడేసేది. దీనికి అలా కాదు. పిడి తిప్పినకొద్దీ ఒక్కో పన్నే జరుగుతుంది. ఎక్కడ ఆపితే అక్కడే ఉంటుంది.

“నిలువు ఫోటోకి దీన్ని మించింది లేదు బాబాయ్. పైనుంచి కిందిదాకా వెంట్రుకవాసి తేడా రాదు.”

ఊరంతా పత్తితీతకి వెళ్ళిన రోజు చూసి మీరావలి దిగాడు. జనం చేరితే కెమెరా అదురుతుందన్నాడు. కల్లంలో గుండు పక్కనే రెండు బండ్ల మధ్య పలకలేయించి వాటి మీదికి స్టాండు ఎక్కించాడు. నీడ పడితే ఫోటో పాడవుతుందని మబ్బు పట్టేదాకా ఆగాడు. తర్వాత పిడి తిప్పడం మొదలుపెట్టాడు. కిర్రు, కిర్రుమంటూ కెమెరా ముక్కు కిందికి వంగింది.

జక్రయ్య చొక్కా విప్పాడు. మొలకి పంచె బిగించాడు. అంకమ్మ వచ్చి పంచె కుచ్చిళ్ళు పాదాల వైపుకి సాపు చేసింది. చేస్తూ చేస్తూ నవ్వాపుకోలేక నోటికి పైట అడ్డం పెట్టుకుంది.

“నవ్వితే ఇంటికి పో!” అని కసిరాడు జక్రయ్య.

చేతులు చాచి గుండుని పట్టుకున్నాడు. గరుకు తగలగానే పాత రోజు గుర్తొచ్చింది. ఆ రోజు నరాలు తెగిపోతాయనిపించింది.

“పళ్ళు బిగించు బాబాయ్. బరువు మొహంలో కనపడాలి,” అని అరిచాడు మీరావలి.

జక్రయ్య పళ్ళు బిగించాడు. మెడ నరాలు ఉబ్బాయి. చేతులు మాత్రం ఇసుమంత కూడా వణకలేదు.

“అయిపోయింది!”

ఫోటో వచ్చింది. ఏం ఫోటో అది! నిలువెత్తు జక్రయ్య, తలకి పైన కొండంత గుండు. చూడ్డానికి వచ్చిన కుర్రకారు నోళ్ళు తెరిచారు. ఊళ్ళో నడుస్తుంటే జనం పక్కకి తప్పుకుని దారివ్వసాగారు. జక్రయ్య ఛాతీ రెండంగుళాలు ముందుకొచ్చింది.

బాప్తిస్మం రోజు క్రీస్తుదాసు ఆ ఫోటో ముందు చాలాసేపు నిలబడ్డాడు. మీసం కదల్లేదు. భోజనాల దగ్గర పడవ ఊసే ఎత్తలేదు. జక్రయ్యకి అన్నం అమృతంలా దిగింది.

చెయ్యి కడుక్కుని క్రీస్తుదాసు లేచాడు.

“ఏదీ, ఆ గుండెక్కడ? నేనూ ఎత్తుతా.”

జక్రయ్యకి పొలమారింది. “వద్దు బావగారూ! తిని ఉన్నారు. నడుం పట్టేస్తుంది.”

“మీకు పట్టని నడుం నాకు పడుతుందా? ఫోటోలాయన ఇక్కడే ఉన్నాడుగా!”

ఉన్నాడు. పిల్లాడి బాప్తిస్మానికి గ్రూపు ఫోటో తీయడానికి వచ్చాడు. ఇంకో ఫోటో అనగానే హుషారుగా బండ్లు లాగించి, పలకలేయించాడు. జక్రయ్య దగ్గాడు. కన్ను కొట్టాడు. చెయ్యి అడ్డంగా ఊపాడు. మీరావలి ధ్యాసంతా పిడి మీదే ఉంది.

“పోనీవయ్యా, అన్నయ్యగారి సరదా మనమెందుకు కాదనాలి?” అంది అంకమ్మ. అని, పైట నోట్లో కుక్కుకుంది.

చుట్టాలంతా కల్లంలో మూగారు. క్రీస్తుదాసు జుబ్బా విప్పాడు. ప్రార్థన చేసుకున్నాడు. అరచేతులు రుద్దుకుని, వంగి గుండు కిందికి వేళ్ళు దూర్చాడు. మెడ దాకా ఎర్రబడ్డాడు. జక్రయ్య కళ్ళు మూసుకున్నాడు.

పలకల మీంచి మీరావలి కంగారుగా కేకేశాడు: “అయ్యో, దాన్ని కదపకండి ఉపదేశిగారూ, మా బాబాయిలాగే మీరూ తల దానివైపు పెట్టి వెల్లకిలా పడుకుంటే చాలు!”